62 మంది పిల్లలతో పాతబస్తీ నడక: ఎంత దూరం, ఎన్ని మజిలీలు, ఎవరెక్కడ నిలబడాలి

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను సోషల్ చెబుతాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 62 మందిని జనవరిలో ఒకరోజు హైదరాబాద్ పాతబస్తీకి తీసుకెళ్లాలని ఉంది. టీచర్లం నలుగురం వస్తాం. ఒకటే బస్సు, రెండున్నర గంటల ప్రయాణం. పోయినేడాది గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్, చౌమహల్లా, బిర్లా మందిర్ ఒకే రోజు పెట్టుకుంటే పిల్లలకు బస్సులో పాడిన పాటలు తప్ప ఏమీ గుర్తులేవు. ఈసారి బస్సు దిగి వీధుల్లో నడిపిద్దామనుకుంటున్నాను. ఆదివారం అయితే మంచిదా? ఒక గైడ్ సరిపోతాడా? రోడ్డు దాటించడం, అమ్మాయిలకు టాయిలెట్లు, ఎవరైనా తప్పిపోతే ఏం చేయాలన్నది నా భయం. హెడ్మాస్టర్ గారు ప్లాన్ కాగితం మీద చూపించమంటున్నారు.

సమాధానం:

టీచర్ గారూ, నడిపించాలన్న మీ ఆలోచన చాలా మంచిది. అయితే నడకలో కూడా పోయినేడాది లాగే జాబితా పెట్టుకుంటే ఫలితం అదే అవుతుంది. పాతబస్తీలో పిల్లలకు చూపించాల్సింది ముందుగా వీధి. కట్టడాలు ఆ వీధిలో భాగంగా రావాలి. అందుకని గోల్కొండ, బిర్లా మందిర్ తీసేయండి. చౌమహల్లా కూడా తీసేయండి. అది గంటన్నర పట్టే ప్యాలెస్, నడక చివర అలసిన పిల్లలను అందులోకి తోలితే షాండ్లియర్ల కింద కూర్చుండిపోతారు. మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టి మీదుగా చార్‌కమాన్ (నాలుగు కమానుల కూడలి), చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్ దాటి మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాకా వెళ్లండి. పోను సుమారు కిలోమీటరున్నర, తిరిగి రాను దాదాపు అంతే. ఒక పూట నడకకు ఇది నిండుగా సరిపోతుంది.

కిలోమీటరున్నరే కదా, అరగంటలో అయిపోదా అని హెడ్మాస్టర్ గారు అడగవచ్చు. పెద్దవాళ్లు ఖాళీ రోడ్డు మీద గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తారు. బజారులో చూస్తూ నడిచే పిల్లల గుంపు గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే నడకకే 45 నిమిషాలు. ఏడు మజిలీలు, ఒక్కోదానికి 12 నిమిషాల చొప్పున ఇంకో 84 నిమిషాలు. చార్మినార్ పైకి ఎక్కి దిగడానికి అదనంగా అరగంట. నీళ్లు, లెక్క చూసుకోవడం, చెప్పులు విప్పి తొడుక్కోవడం అన్నీ కలిపి 20 నిమిషాలు. మొత్తం మూడు గంటలు. ఎనిమిదో మజిలీ పెట్టారంటే ఆ 12 నిమిషాలు చార్మినార్ దగ్గర తెగుతాయి. కోత ఎప్పుడూ అక్కడే పడుతుంది, ఎందుకంటే అప్పటికి అందరూ గడియారం చూడటం మొదలుపెడతారు.

రోజు సంగతి. శుక్రవారం అసలు వద్దు. ఆరోజు సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది, చుట్టూ వీధులు నిండిపోతాయి. ఆదివారం పొద్దున్న ట్రాఫిక్ తక్కువే గానీ మధ్యాహ్నం అయ్యేసరికి చార్మినార్ చుట్టూ సందర్శకులు కిక్కిరిసిపోతారు. మీకు రెండు విడతలు నడిపించాల్సి ఉంటుంది, ఎందుకో కింద చెబుతాం, కాబట్టి మధ్యాహ్నపు రద్దీ మిమ్మల్ని దెబ్బతీస్తుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకోండి. జనవరిలో ఎండ బాధ లేదు. సంక్రాంతి సెలవుల్లోకి మాత్రం వెళ్లకండి, జనం ఎక్కువ. ముస్లిం పండుగలు చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తాయి. అందుకని పోయినేడాది క్యాలెండర్ చూసి తేదీ వేసుకోకూడదు. రంజాన్ నెల సాయంత్రాలు, మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపు, వినాయక నిమజ్జనం రోజుల్లో ఈ దారిలో స్కూలు పిల్లలను నడపడం కుదరని పని. వేరే నెలకు మార్చుకోవాల్సి వస్తే ఇవి గుర్తుంచుకోండి.

ఇక 62 మంది. వీళ్లను ఒకే గుంపుగా నడిపించలేరు. జంటలుగా నిలబెడితే 31 జంటలు, జంటకు జంటకు మధ్య ఒక మీటరు వేసుకున్నా వరుస ముప్పై మీటర్లు దాటుతుంది. ముందున్న టీచర్ రోడ్డు దాటాక తోక దాటేసరికి ఆటోలు మధ్యలోంచి దూరతాయి, గుంపు రెండు ముక్కలవుతుంది. మాట వినపడటం ఇంకో సమస్య. బజారు చప్పుడులో గొంతు చించుకోకుండా చెబితే అందేది చుట్టూ నిలబడ్డ పదిహేను మందికే. మెడలో మైకు వేసుకుంటే అవతలి దుకాణదారులకు ఇబ్బంది, పైగా వెనక వరుస పిల్లలు మైకు ఉంది కదా అని కబుర్లలో పడతారు. పదిహేను, పదహారు మందితో నాలుగు జట్లు చేయండి. ఒక్కో జట్టుకు ముందు ఒక పెద్ద మనిషి, వెనక ఒకరు.

అలా అయితే ఎనిమిది మంది కావాలి, మీరు నలుగురే. దానికి ఉపాయం ఉంది. సగం మంది నడుస్తుంటే మిగతా సగం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉండాలి, మధ్యాహ్నం భోజనం దగ్గర మార్చుకోవాలి. నడిచే రెండు జట్లకు నలుగురు, మ్యూజియంలో ఉన్న 31 మందికి కనీసం ఇద్దరు, మొత్తం ఆరుగురు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తల్లిదండ్రుల్లో ఇద్దరిని అడగండి, అందులో ఒకరు తల్లి అయితే మరీ మంచిది. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్న మీ పూర్వ విద్యార్థులు ఉంటే వాళ్లు కూడా తోక కాయడానికి బాగా పనికొస్తారు. తోక కాసేవాళ్లకు చరిత్ర తెలియక్కరలేదు. తమ ముందు పదిహేను తలలు ఉన్నాయా లేదా అన్నదే వాళ్ల పని, ఫోన్ చూడకుండా ఉండగలిగితే చాలు.

పొద్దున్న ఆరింటికి బయలుదేరితే ఎనిమిదిన్నరకు సాలార్‌జంగ్ దగ్గర దిగుతారు. బస్సును చార్మినార్ దాకా తీసుకెళ్లే ప్రయత్నం చేయకండి. చార్మినార్ చుట్టూ వాహనాలకు ప్రవేశం లేదు, పక్క సందుల్లో పెద్ద బస్సు తిరగదు. మ్యూజియం దగ్గర దింపి, బస్సు ఎక్కడ ఆగాలో డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి. టిఫిన్ తినకుండా ఎవరూ నడక మొదలుపెట్టకూడదు. ఇలాంటి నడకల్లో పిల్లలు కళ్లు తిరిగి పడిపోతే కారణం చాలాసార్లు ఎండ కాదు, ఖాళీ కడుపు. పొద్దున్నే వాంతులవుతాయని బస్సులో తినరు, దిగాక హడావిడిలో మరచిపోతారు.

తొమ్మిదింటికి మొదటి విడత మదీనా చౌరస్తా నుంచి నడక మొదలుపెడుతుంది. రెండు జట్ల మధ్య పదిహేను నిమిషాలు ఎడం ఉండాలి, లేకపోతే రెండోది మొదటిదాని మడమలు తొక్కుతుంది. 10:15 ప్రాంతంలో చార్మినార్ ఎక్కడం, 11కు మక్కా మసీదు, 11:30కు లాడ్ బజార్, 12కు మహబూబ్ చౌక్. అక్కణ్నుంచి ఎక్కడా ఆగకుండా వెనక్కి నడిస్తే అరగంట. ఈ తిరుగు నడకను లెక్కలో వేసుకోవడం చాలామంది మరచిపోతారు, అక్కడే భోజనం ఆలస్యమై రోజంతా జారుతుంది. పన్నెండున్నర నుంచి 1:15 దాకా అందరికీ కలిపి భోజనం, రెండో జట్టు పావుగంట వెనకగా వచ్చి కలుస్తుంది. తర్వాత రెండో విడత నడక, 4:45కు వాళ్ల మొదటి జట్టు, ఐదింటికి రెండో జట్టు తిరిగి బస్సు దగ్గర. చార్మినార్ టికెట్లు సాయంత్రం ఐదున్నర దాకే ఇస్తారు, మీ రెండో విడత రెండున్నరకే అక్కడ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

రెండు విడతలు చూసేది ఒకే వీధి కాదని పిల్లలకు చెప్పండి. పాతబస్తీ దుకాణాలు ఆలస్యంగా తెరుస్తారు, పదకొండు దాకా చాలా షట్టర్లు దించే ఉంటాయి. పొద్దున వెళ్లినవాళ్లకు కట్టడం కనిపిస్తుంది, మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు వ్యాపారం కనిపిస్తుంది. మర్నాడు క్లాసులో ఇద్దరి నోట్సూ పక్కపక్కన పెడితే అది దానంతటదే ఒక పాఠం.

మ్యూజియం తలుపులు తెరిచేది పదింటికి. కాబట్టి రెండో విడత పిల్లలను తొమ్మిదిన్నరకు మూసీ ఒడ్డుకు, నయాపూల్ వైపు తీసుకెళ్లండి. వంతెన మీద పది నిమిషాలకు మించి నిలబెట్టకండి, ఫుట్‌పాత్ ఇరుకు, చప్పుడు ఎక్కువ. కానీ ఆ పది నిమిషాలు విలువైనవి. ఇటు ఒడ్డున 1920లో తెరిచిన హైకోర్టు భవనం, అటు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తాయి. 1908 సెప్టెంబర్ 28న ఈ నది పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతోనే పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఈ నదిలో ఇంత తక్కువ నీళ్లు ఉండటానికి, మీ పిల్లలు దారిలో చూసే ఈ రాతి భవనాలకు ఒకటే మూలం అని అక్కడ చెప్పాలి. మధ్యాహ్నం మొదటి విడతకూ ఇదే చేయండి. మ్యూజియంలో అన్ని గదులూ తిప్పకండి. మూడు గదులు చూపించి, గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర పది నిమిషాల ముందే కూర్చోబెట్టండి. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు వినొచ్చు, అయితే అప్పుడు జనం కూడా ఎక్కువ, ముందు వరుస దొరకాలంటే 11:45కే చేరాలి.

ఇప్పుడు అసలు నడక. పిల్లలకు తేదీల చిట్టా ఇవ్వొద్దు. మూడే సంవత్సరాలు చెప్పండి: 1591, 1889, 1908. మొదటిది చార్మినార్, రెండోది దాని నాలుగు వైపులా గడియారాలు పెట్టిన ఏడాది, మూడోది వరద. రోజంతా కనిపించే ప్రతి దాన్నీ ఈ మూడింటిలో దేనికి ముందు, దేనికి వెనక అని పిల్లలే తేల్చాలి. అది ఆటలా ఉంటుంది, మరచిపోరు.

పత్తర్‌గట్టి దగ్గర మొదటి మజిలీ. రోడ్డుకు రెండు వైపులా ఒకే ఎత్తున, ఒకే తీరున సాగే రాతి కమానుల వరస చూపించి, ఇన్ని దుకాణాలు ఒకేలా ఎందుకున్నాయి, ఎవరికివారు కట్టుకుంటే ఇలా ఉంటాయా అని అడగండి. వరద తర్వాత నగరాన్ని పద్ధతిగా మళ్లీ కట్టే పనిలో భాగంగా వచ్చిన బజారు ఇది. జవాబు మీరు చెప్పేలోపు కనీసం ఇద్దరు పిల్లలు చెబుతారు, ఓపిక పట్టండి. నిలబడటం దుకాణాల మెట్ల మీద కాదు, రెండు షట్టర్ల మధ్య గోడ దగ్గర. ఆ చుట్టుపక్కలే బాద్‌షాహీ ఆషుర్ఖానా, అంటే మొహర్రం సంతాప ప్రార్థనల మందిరం ఉంది. 1590ల నాటిది, లోపలి గోడల మీద రంగురంగుల మెరుగు పలకల పని ఉంటుంది. కింది భాగంలో పలకలు 1908 వరదలో పోతే ఆ ఖాళీలను రంగుతో నింపారు. గోడ మీద వరద ఎంత ఎత్తుకు వచ్చిందో కళ్లతో చూడగలిగే చోటు అది. కానీ అది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే స్థలం, అక్కడి సంరక్షకులతో వారం ముందే మాట్లాడి, వాళ్లు సరే అంటేనే జట్టు జట్టుగా తీసుకెళ్లండి. ముందస్తు మాట లేకుండా 31 మందితో గుమ్మం ముందు నిలబడటం మర్యాద కాదు. అనుమతి రాకపోతే ఆ మజిలీ వదిలేయండి.

తర్వాత మచిలీ కమాన్, దాని కింద నుంచి గుల్జార్ హౌజ్. నాలుగు కమానుల మధ్య ఫౌంటెన్ ఉన్న కూడలి. ఇక్కడ పిల్లలను హౌజ్ చుట్టూ ఉంచి ఒక్క నిమిషం నాలుగు వైపులా తిరిగి చూడమనండి. ఒక పెద్ద రోడ్డు ఉత్తర దక్షిణాలుగా పోతోందని, కమానులు నాలుగు దిక్కులకు ఉన్నాయని వాళ్లే పట్టుకుంటారు. ఈ నగరానికి పథకం వేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు ఇక్కడ చెప్పండి. ముత్యాల దుకాణాలు కూడా ఇక్కడే. సముద్రం లేని ఊళ్లో ముత్యాలేమిటన్న ప్రశ్న పిల్లల నుంచే రావాలి. ముత్యాలు ఇరాక్‌లోని బస్రా లాంటి దూర ప్రాంతాల నుంచి వచ్చాయి, ఏరడం, బెజ్జం వేయడం, గుచ్చడం అనే పనితనం ఇక్కడిది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తక మార్గం మీదే చార్మినార్ వెలిసింది. చార్మినార్ కింద నిలబడి ఇటు గోల్కొండ, అటు మచిలీపట్నం అని చేతులు చాపి చూపించండి. పటంలో వేలు పెట్టి చూపించినదానికంటే ఇది వెయ్యిరెట్లు నయం.

చార్మినార్ దగ్గర ఒక కొలత పని పెట్టండి. భవనం చదరంగా ఉంటుంది, ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు, ఒక్కో కమాను వెడల్పు సుమారు 11 మీటర్లు. ఈ అంకెలు ముందు చెప్పొద్దు. బడిలోనే 50 మీటర్లు టేపుతో కొలిచి గీత గీసి, ప్రతి పిల్లవాడూ ఎన్ని అడుగులు వేశాడో రాసుకోవాలి. 80 అడుగులు పడితే అడుగు 62.5 సెంటీమీటర్లన్నమాట. అదే అడుగుతో చార్మినార్ ఒక వైపు నడిస్తే 32 చుట్టుపక్కల వస్తుంది. 28 వచ్చినవాళ్లు, 38 వచ్చినవాళ్లు వాదించుకుంటారు, ఆ వాదనకు ఐదు నిమిషాలు వదలండి. జనం అడ్డొస్తారు కాబట్టి ముగ్గురు ముగ్గురుగా కొలవాలి, ఒకరు నడవడం, ఒకరు లెక్క, ఒకరు దారి ఖాళీ చేయించడం.

పైకి ఎక్కేది మొదటి అంతస్తు దాకానే. మినార్ కొన దాకా 149 మెట్లున్నాయి గానీ అక్కడికి ఎవరినీ పంపరు. మెట్లు ఎత్తుగా, ఇరుకుగా, చుట్లు తిరుగుతూ ఉంటాయి. ఒకరి వెనక ఒకరు మాత్రమే వెళ్లగలరు. ముందు ఒక పెద్ద మనిషి, చివర ఒకరు. మధ్యలో ఆగి ఫొటో తీయడం నిషేధం, అక్కడ ఒక్కరు ఆగితే వెనక ఇరవై మంది చీకటి మెట్ల మీద నిలబడిపోతారు. చీకటి, ఇరుకు అంటే భయపడే పిల్లలు ప్రతి బడిలో ఇద్దరు ముగ్గురుంటారు. ఆ సంగతి ముందే నెమ్మదిగా అడిగి తెలుసుకుని, వాళ్లకు కింద కమానుల గచ్చు పని బొమ్మ గీసే పని ఇచ్చి ఒక టీచర్‌ను తోడుంచండి. నడవడానికి ఇబ్బంది ఉన్న పిల్లలకూ అంతే. వాళ్లను బస్సులో వదిలేయకండి, చార్మినార్ చుట్టూ నేల చదునుగా ఉంది, వీల్‌చైర్ తిరుగుతుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. తొమ్మిదో తరగతిలో కొందరికి 15 నిండి ఉంటాయి కాబట్టి పుట్టిన తేదీలతో హెడ్మాస్టర్ సంతకం చేసిన జాబితా తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర ఒక్కొక్కరి ఆధార్ వెతికితే పావుగంట పోతుంది.

మక్కా మసీదు 1617లో మొదలై 1694లో పూర్తయింది. పిల్లలను, మొదలుపెట్టినవాళ్లు, పూర్తిచేసినవాళ్లు ఒకే రాజవంశం వాళ్లా అని అడగండి. కుతుబ్‌షాహీల చేతుల్లో మొదలై, వాళ్ల రాజ్యం పోయాక ఔరంగజేబు కాలంలో ముగిసింది. లోపల తల కప్పుకోవడానికి అమ్మాయిలందరూ చున్నీ తెచ్చుకోవాలి. గేటు దగ్గర బ్యాగుల తనిఖీ ఉంటుంది, అందుకని జట్టుకు రెండు బ్యాగులకు మించి ఉండకూడదు. చెప్పులకు జట్టుకొక గోనెసంచి పెట్టండి, ఒక జత పక్కన ఒక జత తాడుతో కట్టి వేయాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఒకే రకం నల్ల స్కూలు బూట్లు 31 జతలు కలిసిపోతే ఇరవై నిమిషాలు పోతాయి. నమాజు చేస్తున్నవాళ్ల ముందు నుంచి నడవకూడదు, ఎవరి ముఖాన్నీ ఫొటో తీయకూడదు. చార్మినార్‌ను ఆనుకుని గుడి ఉంది, పక్కన మసీదు ఉంది. పిల్లల్లో ఎవరైనా దణ్ణం పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, గైడ్ అక్కడ వివాదాల జోలికి పోకుండా ముందే మాట తీసుకోండి.

లాడ్ బజార్‌లో అన్ని దుకాణాలూ చూపించాలనుకుంటే పిల్లలు చెదిరిపోతారు. ఒక్క లక్కగాజుల పని చూపించండి. లక్క అనేది చెట్టు కొమ్మల మీద పురుగు వదిలే జిగురు. దాన్ని నిప్పుల మీద మెత్తబరిచి, రంగు కలిపి, తీగలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఉండగానే రాళ్లు అద్దుతారు. కార్ఖానా ఒకటి మాట్లాడుకుంటే ఐదారుగురిని మాత్రమే ఒకసారి లోపలికి పంపాలి. కరిగిన లక్క చేతికి అంటితే ఊడదు, కాలుతూనే ఉంటుంది, కాబట్టి ముట్టుకోవడం లేదని ముందే గట్టిగా చెప్పాలి. పనిచేసేవాళ్లను ఏమడగాలో కూడా నేర్పండి. రోజుకు ఎన్ని జతలు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, లక్క ఎక్కణ్నుంచి వస్తుంది అని అడగవచ్చు. సంపాదన ఎంత అని ముఖం మీద అడగొద్దు. వాళ్ల పని ఆపి చూపించినందుకు ఏదైనా కొనడం మర్యాద. కొనుగోళ్లు మాత్రం చివరి పది నిమిషాల్లోనే, ఒక్కో జట్టుకు ఒకే దుకాణం. బేరాలు మొదట్లో మొదలైతే ఆ రోజు నడక అక్కడితో సరి.

గైడ్ విషయం. ఒక్కడు సరిపోతాడు, కానీ అతన్ని జట్టు వెంట తిప్పకండి. పది నుంచి పన్నెండు దాకా, మళ్లీ రెండు నుంచి నాలుగు దాకా చార్మినార్, మక్కా మసీదు దగ్గర నిలబెట్టండి. జట్లు వంతులవారీగా అతని దగ్గరకు వస్తాయి. మిగతా మజిలీలు మీ టీచర్లు చెప్పగలరు. మాట్లాడుకునేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. గుర్తింపు కార్డు ఉందా, తెలుగులో చెప్పగలడా, డబ్బు గంటలకా మొత్తానికా, దుకాణాలకు తీసుకెళ్లే అలవాటు ఉందా. చివరిదానికి సూటిగా జవాబు ఇవ్వకపోతే వేరొకరిని చూడండి. ఇంకొకటి, అనుకునే మాటలకూ రుజువున్న మాటలకూ తేడా చూపించమని చెప్పండి. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందంటారు. భాగమతి కథ చెబుతారు. మహమ్మారి తగ్గినందుకు కట్టారంటారు, హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) వెయ్యో ఏడాది గుర్తుగా కట్టారని మరో మాట ఉంది. ఇవన్నీ చెప్పవచ్చు, పిల్లలకు నచ్చుతాయి కూడా. అయితే నోట్‌బుక్‌లో "అంటారు" అని ఒక గడి, "ఉంది, చూశాం" అని ఒక గడి గీయించండి. ఎనిమిదో తరగతి పిల్లలకు చరిత్ర పాఠంలో దీనికంటే ముఖ్యమైనది మాకు కనిపించదు.

మజిలీ దగ్గర పద్ధతి ఒకటే ఉండాలి. మొదట రెండు మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడటం. తర్వాత నాలుగైదు నిమిషాలు చెప్పడం. మిగతాది ప్రశ్నలు, రాసుకోవడం. చాలామంది దీన్ని తిరగేస్తారు, ముందు చెప్పి తర్వాత చూడమంటారు. అప్పటికి పిల్లల చూపు పక్క దుకాణం మీదకు పోయి ఉంటుంది. నిలబెట్టేటప్పుడు పిల్లల వీపు ఎండవైపు ఉండాలి, చెప్పేవాళ్ల ముఖాన ఎండ పడాలి. పిల్లల వీపు రోడ్డువైపు మాత్రం ఉండకూడదు. ఫోన్ ఐదుగురికి ఒకటే, ఫొటోలు తీసే పని మజిలీ మజిలీకి మారాలి.

రోడ్డు దాటడం దగ్గర అందరూ చేసే పొరపాటు జంటల వరుసలో దాటించడం. వరుస ఎంత పొడవుంటే రోడ్డు మీద అంతసేపు ఉంటారు. జట్టును ఫుట్‌పాత్ వెంబడి పక్కపక్కనే నిలబెట్టి, ముఖాలు రోడ్డువైపు తిప్పి, ఒక్కమాటతో అందరూ ఒకేసారి దాటాలి. పదిహేను మంది దాటడానికి ఒక్కరికి పట్టినంత సమయమే పడుతుంది. పెద్దవాళ్లు ఇద్దరూ వాహనాలు వచ్చే వైపు నిలబడాలి. ఒక జట్టు పూర్తిగా దాటాకే రెండోది. వచ్చే ముందు మీ ఊళ్లోనే ఒక కిలోమీటరు నడిపించి దీన్ని రెండుసార్లు అలవాటు చేయించండి.

లెక్కకు తలలు వేలితో లెక్కపెట్టడం నమ్మకమైన పద్ధతి కాదు. ప్రతి పిల్లకూ జట్టులో ఒక అంకె ఇవ్వండి, ఒకటి నుంచి వరుసగా పిల్లలే పలకాలి. పదిహేను మందికి పది సెకన్లు చాలు. ఎక్కడ ఆగిపోతే ఆ నంబర్ లేదన్నమాట, ఎవరో వెంటనే తెలుస్తుంది. మజిలీకి చేరాక కాదు, మజిలీ నుంచి కదిలే ముందు లెక్క చూడాలి. అయినా ఎవరైనా తప్పిపోతే నియమం ఒక్కటే: ఉన్నచోటే నిలబడాలి, వెతుక్కుంటూ రాకూడదు. తోక కాసేవారు గత మజిలీ దాకా వెనక్కి వెళతారు, జట్టు కదలదు. పది నిమిషాల్లో దొరకకపోతే మాత్రం తప్పిపోయిన పిల్లలు, జట్టు ఇద్దరూ చార్మినార్ టికెట్ కౌంటర్ దగ్గర కలవాలి. జేబులో ఒక చీటీ మీద బడి పేరు, ఇద్దరు టీచర్ల ఫోన్ నంబర్లు ఉండాలి. మెడలో పేరు రాసిన కార్డు వేలాడదీయకండి, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్లే అనుకుని వెంట వెళ్లే ప్రమాదం ఉంది. యూనిఫాం మాత్రం తప్పనిసరి.

టాయిలెట్ల సంగతి మీరు అడగడం మంచిదైంది, చాలా బడులు దీన్ని చివరిదాకా తలచుకోవు. అమ్మాయిలు దారిలో ఇబ్బంది అవుతుందని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వస్తారు, అదే తలనొప్పికీ కళ్లు తిరగడానికీ కారణం. మధ్యాహ్నం విడత బయలుదేరే ముందు మ్యూజియంలో అందరూ వెళ్లి రావాలి. పొద్దున తొమ్మిదింటికి మ్యూజియం తెరవదు కాబట్టి మొదటి విడతకు టిఫిన్ చేసే హోటల్లో ముందుగా మాట్లాడుకోండి. నడక మధ్యలో గంటన్నరకు ఒకసారి, చార్మినార్ ప్రాంతంలో ఉన్న పబ్లిక్ టాయిలెట్ దగ్గర ఆగాలి. అది తెరిచి, శుభ్రంగా, నీళ్లతో ఉందో లేదో వారం ముందు మీరే వెళ్లి చూడండి. లేడీ టీచర్ బ్యాగులో ప్యాడ్లు, పాత పేపర్లు, ఒక సబ్బు ఉండాలని, ఎవరికి అవసరమైనా అడగడానికి సిగ్గుపడక్కరలేదని బస్సులోనే చెప్పండి. నీళ్లు మనిషికి లీటరు, బస్సులో 20 లీటర్ల క్యాన్లు మూడు. జట్టుకు నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజీ, దూది. భోజనానికి పులిహోర మంచిది. పెరుగన్నం పొద్దున ఐదింటికి కలిపితే మధ్యాహ్నానికి పులుస్తుంది. రోడ్డు పక్క కోసిన పండ్లు, రంగు శరబత్తులు వద్దు. తిరుగు ప్రయాణంలో బస్సులో పంచడానికి ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్లు కొనండి, ఆ ఊరి రుచి కూడా తెలుస్తుంది.

ఒక టీచర్ అయినా ముందుగా వచ్చి ఈ దారి నడవాలి. వారంలో అదే రోజు, అదే వేళకు. ఆదివారం వచ్చి చూసి బుధవారం పిల్లలను తెస్తే మీరు చూసిన వీధి అక్కడ ఉండదు. పదిహేను మంది నిలబడే చోట్లు ఏవి, ఎక్కడ రోడ్డు తవ్వి ఉంది, ఏ దుకాణం ముందు ఉదయం సామాన్ల ట్రాలీ ఆగుతుంది, ఇవి చేతితో గీసిన పటం మీద గుర్తుపెట్టుకోండి.

హెడ్మాస్టర్ గారికి ఇచ్చే ప్లాన్‌లో పైన చెప్పిన వేళలు, నాలుగు జట్ల పేర్లు నంబర్లతో, ప్రతి జట్టుకు ముందు వెనక ఎవరు, బస్సు ఆగే చోటు, మక్కా మసీదుకు, మ్యూజియానికి, కార్ఖానాకు మాట్లాడిన తేదీలు రాయండి. తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రాలు, పిల్లల అలర్జీలు, వాడే మందుల వివరాలు, బస్సు ఫిట్‌నెస్ కాగితాల నకలు జతచేయండి. శాఖాపరంగా పై అధికారుల అనుమతికి కనీసం మూడు వారాల ముందే పెట్టుకోవాలి. చార్మినార్ పోలీస్ స్టేషన్‌కు తేదీ, పిల్లల సంఖ్య, నడిచే దారి తెలుపుతూ బడి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇవ్వండి. ఆరోజు ఏదైనా ఊరేగింపు, ధర్నా ఉంటే వాళ్లే ముందు చెబుతారు. ప్లాన్ ప్రతులు ఏడు తీయించండి, పెద్దవాళ్లు ఆరుగురికీ తలా ఒకటి. ఏడోది బస్సు డ్రైవర్‌కు, భోజనం వేళ, తిరుగు ప్రయాణం వేళ ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఇవ్వండి.